కాళహస్తి గాలిగోపురం పాత ఫొటో ఏ కాలానిది? ఎలా తేల్చుకోవాలి?

నమస్కారమండీ, మాది తిరుపతి. మా జేజినాయన ట్రంకుపెట్టె అడుగున శ్రీకాళహస్తి గాలిగోపురం ఫొటో దొరికింది. కృష్ణదేవరాయలు 1516లో కట్టించింది, 2010 మేలో కూలిపోయిందే, అదే. చిన్నప్పుడు దాని కింద నిలబడి పుల్లైసు తిన్నవాణ్ణి, చూడగానే ప్రాణం లేచొచ్చింది.

పల్చటి కాగితం, మందపాటి అట్టకు అంటించారు. రంగు పల్చటి డికాషన్‌లా ఉంది. గోపురం మీది బొమ్మలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు గానీ, కింద మనుషులు పొగలా చెదిరిపోయారు. బండి చక్రం నిలకడగా ఉంది, ఎద్దుకు మాత్రం రెండు తలలు! ఫొటో తీస్తుంటే తల తిప్పినట్టుంది.

భూతద్దంతో చూస్తే కాగితం పీచు కనిపిస్తోంది. గుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ ప్రింట్లు 1850లో మొదలై 1890ల దాకా బాగా నడిచాయనీ, వాటిలో ఇలా పీచు కనబడుతుందనీ చదివాను. తర్వాత వచ్చిన జెలటిన్ (ఒక రకం జిగురు) పూసిన ప్రింట్లలో నల్లటి చోట్ల వెండి మెరుపు తేలుతుందట, దీన్లో అది లేదు. అయినా కాగితాన్ని బట్టి కాలం చెప్పేయొచ్చా? ఎద్దు కదిలిందంటే కెమెరాలో ఫొటో పడే ప్లేటును ఎన్ని సెకన్లు వెలుతురుకు తెరిచి ఉంచినట్టు?

ఇంకో సంగతి. ఊళ్లో ఒక స్టూడియోకి తీసుకెళ్తే, ఆయన అట్ట నుంచి ఊడదీస్తానని తడిగుడ్డ పెట్టేశాడు. లాక్కునేలోపే ఒక మూల లేచింది. దాన్ని అలాగే వదిలేయాలా, ఏదైనా జిగురు పెట్టొచ్చా? మామూలు స్కానర్‌లో పెడితే ఆ వెలుతురుకు పాడవుతుందా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.