పాలిచ్చే తల్లికి అత్యవసర గర్భనిరోధక మాత్ర అవసరమా?

ప్రశ్న (కాశీనగర్, గజపతి జిల్లా):

అందరికీ నమస్కారం. నాకు ఏడు నెలల బాబు ఉన్నాడు, ఆపరేషన్ కాన్పు. ఆ తర్వాత ఇంతవరకు నెలసరి రాలేదు. ఆరో నెల నిండినప్పటి నుంచి బాబుకు రెండు పూటలా ఉగ్గు పెడుతూ, మిగిలిన వేళల్లో నా పాలే ఇస్తున్నాను. మేము కండోమ్ వాడుతున్నాము గానీ, శనివారం రాత్రి పది గంటల వేళ అది చిరిగిపోయిన సంగతి ఆఖరున గాని మాకు తెలియలేదు. ఇప్పుడు సోమవారం మధ్యాహ్నం రెండు గంటలైంది.

మా తోటికోడలితో చెప్పుకుంటే, పాలిచ్చే తల్లికి కడుపు రాదని, అనవసరంగా మందులు మింగవద్దని అన్నది. మా ఆయన మందుల దుకాణానికి వెళ్లి అడిగితే, అది కడుపు పోగొట్టే మందు గనుక డాక్టరు చీటీ లేకుండా ఇవ్వనని, పైగా పాలు ఎండిపోతాయని దుకాణదారుడు నలుగురూ వింటుండగా గట్టిగా అన్నాడట. ఆయన మారు మాట్లాడలేక తిరిగి వచ్చేశారు. కుట్లు వేసిన చోట బాబును ఎత్తుకున్నప్పుడల్లా నాకు ఇంకా లాగుతూనే ఉంది. ఇంతలోనే మళ్లీ నెల తప్పితే తట్టుకోగలనా అన్న భయంతో నిద్ర పట్టడం లేదు. నాకు మాత్ర అవసరమేనా, ఇంకా సమయం ఉందా?

జవాబు (పదవీ విరమణ చేసిన నర్సు, పాతపట్నం):

అమ్మా, మాత్ర అవసరమే, సమయమూ ఉంది. ఈ జవాబు పూర్తిగా చదివేదాకా ఆగకుండా ముందు మాత్ర తేవడానికి ఎవరినైనా పంపండి.

మీ తోటికోడలి మాట పూర్తిగా తప్పు కాదు. బిడ్డకు ఆరు నెలలు నిండకుండా ఉండి, తల్లికి నెలసరి తిరిగి మొదలుకాకుండా ఉండి, బిడ్డ పగలూ రాత్రీ తల్లిపాల మీదనే ఆధారపడి ఉన్నంతకాలం గర్భం రావడం చాలా అరుదు. అయితే ఈ మూడూ కలిసి ఉండాలి, ఒక్కటి తప్పినా ఆ రక్షణను నమ్ముకోకూడదు. మీ విషయంలో ఆరు నెలలు దాటాయి, ఉగ్గు కూడా మొదలైంది. అండం విడుదలైన సుమారు రెండు వారాలకు గాని నెలసరి రాదు గనుక, కాన్పు తర్వాత ఒక్క నెలసరీ చూడకుండానే మళ్లీ గర్భవతులైన తల్లులను నా ఉద్యోగకాలంలో చాలామందిని చూశాను.

మీకు కావలసినది లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర, ఒక్కటే. 72 గంటల లోపల వేసుకోవాలి, అంటే మీకు మంగళవారం రాత్రి పది వరకు గడువు ఉన్నది గానీ, ఎంత తొందరగా వేసుకుంటే అంత బాగా పని చేస్తుంది. అది అండం విడుదలను వాయిదా వేస్తుంది, అంతే గాని నిలిచిన గర్భాన్ని తొలగించదు. గర్భస్రావానికి వాడే మందులు వేరు, వాటికే డాక్టరు చీటీ కావాలి. ఈ మాత్రను చీటీ లేకుండా అమ్మడానికి 2005 నుంచి అనుమతి ఉంది. పాలు ఎండిపోవు. బాబుకు కడుపు నిండా పాలిచ్చి వెంటనే వేసుకోండి. వేసుకున్న రెండు గంటల లోపల వాంతి అయితే మరొకటి వేసుకోవాలి. క్షయకు గాని, మూర్ఛకు గాని మందులు వాడుతుంటే మాత్రం ముందుగా డాక్టరుకు చెప్పండి, వాటిలో కొన్ని ఈ మాత్ర బలాన్ని తగ్గిస్తాయి.

దుకాణంలో మళ్లీ అడగడం ఇష్టం లేకపోతే మీ ఆశా దీదీని పిలవండి. ప్రభుత్వం ఈజీ పిల్ పేరుతో ఇదే మాత్రను ఆశా కార్యకర్తల ద్వారా అందిస్తున్నది.

జవాబు (పర్లాకిమిడి):

చెల్లీ, నాకు జరిగినది మీకు జరగకూడదని రాస్తున్నాను. రెండేళ్ల క్రితం ఇలాగే కండోమ్ చిరిగితే, ఇక్కడ అందరూ తెలిసినవాళ్లే గనుక మొహమాటపడి, మహేంద్రతనయ నది దాటి పాతపట్నం వెళ్లి మాత్ర కొనుక్కున్నాను. ఆరో రోజున కొద్దిగా ఎర్రమరక కనిపించింది. అదే నెలసరి అనుకుని నిశ్చింతగా ఉండి, ఆ తర్వాతి వారం ఏ జాగ్రత్తా తీసుకోలేదు. తీరా చూస్తే ఆ తర్వాతి కలయిక వల్లనే గర్భం నిలిచిందని డాక్టరమ్మ లెక్క కట్టి చెప్పారు. ఆ మరక మాత్ర ప్రభావమే గాని నెలసరి కాదు. వేసుకున్న మాత్ర జరిగిపోయినదానికే తప్ప, ఆ తర్వాత జరగబోయేదానికి అడ్డుపడదు. ఈ ఒక్క మాట ఆనాడు నాకు ఎవరైనా చెప్పి ఉంటే ఎంతో బాగుండేది.

జవాబు (గుణుపురం):

మా అమ్మమ్మ కాలంలో ఇలాంటప్పుడు పచ్చి బొప్పాయి, నువ్వులు, బెల్లం తినిపించేవారట. మాత్రతో పాటు ఇవి కూడా తింటే మేలేమో.

జవాబు (పదవీ విరమణ చేసిన నర్సు, పాతపట్నం):

నువ్వులూ బెల్లమూ బాలింతకు మంచి ఆహారమే గానీ, అవి గర్భాన్ని ఆపవు. వాటిని నమ్ముకుని మాత్ర గడువు దాటబెట్టిన వాళ్లు ఉన్నారు గనుక గట్టిగా చెబుతున్నాను.

ప్రశ్న అడిగినవారు:

ఆశా దీదీ సాయంత్రం తానే వచ్చి, సంచిలో నుంచి మాత్ర తీసి ఇచ్చి, నేను మింగేదాకా పక్కనే కూర్చున్నది. అప్పటికి 44 గంటలు. కొంచెం వికారంగా ఉంది గానీ వాంతి కాలేదు. బాబు మామూలుగానే పాలు తాగాడు. గర్భసంచిలో పెట్టే కాపర్-టీ వేయించుకోమని దీదీ సలహా ఇచ్చింది. కడుపు కోసిన వాళ్లకు అది వేయవచ్చా? నాకు నెలసరే రావడం లేదు గదా, గర్భం లేదని ఎలా తెలుసుకోవాలి?

జవాబు (పదవీ విరమణ చేసిన నర్సు, పాతపట్నం):

వేయవచ్చు. కాపర్-టీని యోని మార్గం ద్వారానే లోపలికి పంపుతారు గనుక పొట్ట మీది కోతకు దానితో పని లేదు. కలయిక జరిగిన ఐదు రోజుల లోపల వేయించుకుంటే, అత్యవసర పద్ధతులన్నిటిలోనూ అదే ఎక్కువ నమ్మదగినది, పైగా ఏళ్ల తరబడి పని చేస్తుంది. మీ గడువు గురువారం రాత్రి, కాబట్టి బుధవారమే పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రికి వెళ్లి అడగండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో దానికి డబ్బు తీసుకోరు. అది వద్దనుకుంటే, పాలిచ్చే తల్లులకు పనికివచ్చే ‘అంతర’ అనే గర్భనిరోధక ఇంజెక్షన్, ‘ఛాయ’ అనే గర్భనిరోధక మాత్రలు ఉన్నాయి. మీకు ఏది సరిపడుతుందో పరీక్షించి చెబుతారు. అప్పటిదాకా కండోమ్ మానవద్దు.

నెలసరి లేని మీకు ఆలస్యం అన్న గుర్తు ఉండదు. అందుకని శనివారం నుంచి 21 రోజులు లెక్కపెట్టి, ఆ రోజు పొద్దున లేవగానే వచ్చే మూత్రంతో, గర్భం ఉందో లేదో చెప్పే నిశ్చయ్ కిట్ పరీక్ష చేసుకోండి. కిట్ కూడా దీదీ దగ్గరే దొరుకుతుంది. రెండో గీత ఎంత సన్నగా కనిపించినా ఆసుపత్రికి వెళ్లండి. గర్భనిరోధక సాధనం విఫలమై వచ్చిన గర్భాన్ని వద్దనుకుంటే, 20 వారాల లోపల అర్హత గల డాక్టరు ద్వారా తీయించుకునే వీలు చట్టంలోనే ఉంది, మీ పేరు బయటపెట్టకూడదని కూడా ఆ చట్టమే చెబుతుంది. ఈలోగా పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడబోయినా, పరీక్ష రోజు కోసం ఎదురుచూడకుండా అదే పూట ఆసుపత్రికి వెళ్లండి.