అమ్మానాన్నలతో లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి వెళ్ళినవాళ్ళు ఉన్నారా?

పిఠాపురం_అమ్మాయి:
వచ్చే నెల అమ్మా నాన్నా మా దగ్గరికి లండన్ వస్తున్నారు. నాన్న హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేదు. బ్రిటిష్ మ్యూజియం అంతా తిప్పడం నావల్ల కాదు. ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కనున్న పోర్ట్రెయిట్ గ్యాలరీకి తీసుకెళ్దామనుకుంటున్నాను. అన్నీ మనుషుల బొమ్మలే కదా, విసుగొస్తుందేమోనని టెన్షన్. వెళ్ళినవాళ్ళు చెప్పండి.

చిత్రలేఖ:
విసుగు రాదండీ. కాకపోతే అన్నీ చూసేయాలని మాత్రం అనుకోకండి. మొదటిసారి నేను ఆ తప్పే చేశాను. రెండు గంటల్లో అంతస్తులన్నీ చుట్టేసి బయటికొచ్చాక ఒక్క ముఖమూ గుర్తులేదు. రెండోసారి ఐదు బొమ్మల పేర్లు రాసుకుని వెళ్ళాను.

లిఫ్టులో నేరుగా పైకి వెళ్ళండి, ట్యూడర్ వంశపు రాజులు, రాణులు అక్కడే ఉంటారు. మొదటి ఎలిజబెత్ నిలువెత్తు బొమ్మ ఒకటుంది, డిచ్లీ పోర్ట్రెయిట్ అంటారు. 1592 ప్రాంతంలో వేసింది, ఎత్తు దాదాపు ఎనిమిది అడుగులు. అందరూ ఆ తెల్ల గౌను, ముత్యాలు చూసి కదిలిపోతారు. మీరు పాదాల దగ్గర చూడండి, రాణి ఇంగ్లండ్ మ్యాపు మీద నిలబడి ఉంటుంది. వెనక ఆకాశంలో ఒక పక్క ఎండ, ఇంకో పక్క మబ్బులు, మెరుపులు. బొమ్మ వేయించిన సర్ హెన్రీ లీ మీద రాణికి కోపం వచ్చి తర్వాత క్షమించిందని, ఆ ఎండా మబ్బూ అందుకేనని చెబుతారు. పక్కనే ఒక పద్యం కూడా ఉంటుంది. తర్వాతెప్పుడో కాన్వాస్ అంచు కోసేయడంతో పద్యంలో ఒక్కో పాదం చివరి మాటలు పోయాయి. నేను ఆ తెగిన మాటల దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను.

రీడింగ్_రవళి:
పిల్లలుంటే ఆరో ఎడ్వర్డ్ బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళండి. 1546లో వేసింది. ఎదురుగా చూస్తే ముఖం సాగిపోయి వికారంగా కనిపిస్తుంది. పక్కకి వెళ్ళి గోడకి దగ్గరగా తల పెట్టి చూస్తే చక్కటి పిల్లవాడి ముఖం తేలుతుంది. మా చిన్నాడు పదిసార్లు అటూ ఇటూ పరిగెత్తాడు.

టికెట్ లేదు, ప్రత్యేక ప్రదర్శనలకే డబ్బు. శుక్ర, శనివారాల్లో రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది. సాయంత్రమైతే పెద్దవాళ్ళకి హాయి, మధ్యమధ్య బెంచీల మీద కూర్చోవచ్చు.

సర్కారు_జిల్లా:
మీ నాన్నగారు సోషల్ మాస్టారంటున్నారు కాబట్టి చెబుతున్నాను. ప్లాసీ యుద్ధం తర్వాత ఈస్టిండియా కంపెనీ సేనాని క్లైవ్, బెంగాల్ నవాబైన మీర్ జాఫర్ కలుసుకుంటున్న బొమ్మ ఒకటుంది, ఫ్రాన్సిస్ హేమన్ వేసింది. మేం వెళ్ళినప్పుడు గోడ మీదే ఉంది. వెనక ఏనుగు, ముందు చేతులు చాచిన క్లైవ్, ఎదురుగా వంగిన నవాబు. హేమన్ ఎన్నడూ మన దేశం రాలేదు. 1757లో జరిగినదాన్ని లండన్‌లో కూర్చుని, క్లైవ్ ఎంత దయగలవాడో చూపించడానికి ఊహించి వేశాడు. ఆ మరుసటి ఏడే అదే క్లైవ్ బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని సర్కారు జిల్లాల మీదికి పంపాడు. చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. మీ పిఠాపురానికి చందుర్తి ఎంత దూరమో మీకే తెలుసు. మన పొలాల్లో పోరాడిన మనుషుల ముఖాలు మాత్రం ఏ గోడ మీదా లేవు. ఆ గదిలో నాకు గట్టిగా బాధేసింది. అయినా చూడాల్సిందే.

చిత్రలేఖ:
నిజమండీ. 1856లో గ్యాలరీ పెట్టినప్పుడే చిత్రకారుడి గొప్పతనం కాదు, మనిషి ప్రసిద్ధి చూడాలని నియమం పెట్టుకున్నారు. ఎవరు ప్రసిద్ధులో తేల్చిందీ వాళ్ళే. మూడేళ్ళు మూసి 2023లో తెరిచాక కొంత మార్పు కనిపిస్తోంది. పసిఫిక్ దీవుల నుంచి 1774లో లండన్ వచ్చిన మాయ్ అనే యువకుడి బొమ్మని లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియంతో కలిసి 5 కోట్ల పౌండ్లకి కొన్నారు. అది కొన్నాళ్ళు ఇక్కడ, కొన్నాళ్ళు అక్కడ ఉంటుంది, వెబ్‌సైట్ చూసుకుని వెళ్ళండి.

పిఠాపురం_అమ్మాయి:
నిన్న శుక్రవారం సాయంత్రం వెళ్ళొచ్చాం. అందరికీ థాంక్స్. మీరు చెప్పినట్టే ఐదే రాసుకున్నాం.

క్లైవ్ దగ్గర నాన్న ఏమీ మాట్లాడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. బయటికొచ్చాక చందుర్తి యుద్ధం గురించి మా ఆయనకి ట్రైన్ ఎక్కేదాకా పాఠం చెప్పారు.

అమ్మకి నచ్చింది మాత్రం బ్రాంటీ అక్కచెల్లెళ్ళ బొమ్మ. ముగ్గురూ రచయిత్రులని, వాళ్ళ సోదరుడే వేశాడని చెప్పాను. మధ్యలో తన బొమ్మ కూడా వేసుకుని తర్వాత స్తంభంలా రంగు పూసేశాడు, ఇప్పుడు ఆ రంగు వెనక నుంచి అతని ఆకారం మసగ్గా కనిపిస్తోంది. కాన్వాస్ మీద అడ్డంగా, నిలువుగా మడతల గీతలున్నాయి. బీరువా మీద మడతపెట్టి ఉండిపోయిందనీ, 1914లో బయటపడిందనీ చదివి చెప్పాను. అమ్మ బెంచీ మీద నుంచి లేచి దగ్గరికి వెళ్ళి ఆ మడతలే చూసింది. మా అమ్మమ్మ ఫొటో ఒకటి ఊళ్ళో ట్రంకు పెట్టెలో, పట్టుచీర మడతలో ఉందట. నాకు ఇన్నేళ్ళూ తెలియదు. ఇంటికెళ్ళగానే తీసి స్కాన్ చేయించమని నాన్నకి అక్కడే చెప్పింది.

పాత ఫొటో మీద మడత గీత పెరగకుండా ఎలా విప్పాలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.