అప్‌డేట్: రసెల్ విల్సన్‌ను డెన్వర్ ట్రేడ్ చేయకుండా ఎందుకు విడుదల చేసింది?

2024 మార్చిలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డెన్వర్ బ్రాంకోస్, శాలరీ క్యాప్‌పై (ఒక సీజన్‌లో ఆటగాళ్ల జీతాలకు జట్టు పెట్టగల ఖర్చు పరిమితిపై) 8.5 కోట్ల డాలర్ల భారం పడుతుందని తెలిసి కూడా, క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించే ఆటగాడు) రసెల్ విల్సన్‌ను మరో జట్టుకు ఇవ్వకుండా ఎందుకు విడుదల చేసిందని ఇక్కడ అడిగాను. ఓపికగా వివరించిన వారందరికీ కృతజ్ఞతలు.

గ్యారంటీ తేదీని చూడమన్న సూచనతోనే చిక్కు వీడింది. ఆ మార్చి 17 నాటికి విల్సన్ జట్టులోనే ఉంటే, అప్పటికే ఖాయమైన 2024 జీతం 3.9 కోట్ల డాలర్లకు తోడు 2025 జీతం 3.7 కోట్లు కూడా ఖాయమయ్యేవి. అంత జీతంతో అతన్ని తీసుకునే జట్టు ఆలోగా దొరకడం, నా దృష్టిలో, దాదాపు అసాధ్యం.

జూన్ 1 నిబంధన (విడుదల భారాన్ని రెండు సీజన్లకు పంచుకునే వీలు) భారాన్ని తగ్గిస్తుందన్న వాదన మాత్రం నిలవలేదు. అది మొత్తాన్ని 2024కు సుమారు 5.3 కోట్లు, 2025కు 3.2 కోట్లుగా విడదీసిందంతే. ట్రేడ్ చేసినా, అప్పటికే చెల్లించినా క్యాప్‌లో ఏళ్ల వారీగా పంచి లెక్కించే బోనస్‌లో, ఇంకా లెక్కకు రాని భాగం పాత జట్టు ఖాతాలోనే పడేది.

తర్వాత పిట్స్‌బర్గ్ స్టీలర్స్ అతన్ని కనీస వేతనమైన 12.1 లక్షల డాలర్లకే తీసుకుంది. ఆ సీజన్ జీతంలో మిగతాదంతా డెన్వరే చెల్లించింది.