పాత అంబాసిడర్ వెనక యాక్సిల్ యూ బోల్టులు: గ్యాస్ పెట్టాలా, నూనె పోసి ఆగాలా, కోసెయ్యాలా?

వైజాగ్_అంబీ:
నాన్నగారి అంబాసిడర్, 1996 మోడల్. ఇల్లు బీచ్‌కి దగ్గర కాబట్టి ఉప్పు గాలికి కింద భాగం బాగా తుప్పు పట్టింది. వెనక కమాన్ కట్టలు (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టలు) కుంగిపోయాయి, దింపి బాగు చేయించాలి. కట్టని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టుల నట్లు మాత్రం ఒక్కటీ కదలడం లేదు. షెడ్డు మేస్త్రి గ్యాస్ మంట పెట్టి ఎర్రగా కాల్చేద్దాం అంటున్నాడు. ఇంకో మెకానిక్ అస్సలు వద్దు, నూనె పోసి ఆగమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ఆటోనగర్_మేస్త్రి:
గ్యాసే తమ్ముడూ. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, మొదట ఉన్నదానికంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆ తుప్పు బోల్టు మరల చుట్ల సందులో ఇరుక్కుని నట్టుని పట్టేస్తుంది. అక్కడికి నూనె పోవడానికి దారే ఉండదు. నట్టుని కాలిస్తే అది సాగుతుంది, లోపలి బోల్టు ఇంకా చల్లగానే ఉంటుంది, మధ్యలో తుప్పు పొర చిట్లిపోతుంది. వేడి మీదే పానా వేస్తే వచ్చేస్తుంది. లారీల పని అంతా మేం ఇలాగే చేస్తాం. బండి ర్యాంపు మీద పెట్టుకుని రెండు రోజులు నూనె పోస్తూ కూర్చోమంటే షెడ్డు ఎలా నడుస్తుంది?

కమాన్_స్టీల్:
మేస్త్రి గారూ, తుప్పు గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. నా అభ్యంతరం ఆ చోటు గురించి. కమాన్ పట్టీలకి ఆ పొగరు ఊరికే రాలేదు. స్టీలుని 850 డిగ్రీల దాకా కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ సుమారు 400 నుంచి 500 డిగ్రీల మధ్య కాచి టెంపర్ చేస్తేనే స్ప్రింగు గుణం వస్తుంది. నట్టు ఎర్రబడిందంటే అప్పటికే 600 దాటినట్టు. ఆ నట్టు ఆనుకున్న ప్లేటుకి అవతలే కమాన్ కట్ట ఉంది, మంట అక్కడిదాకా పాకితే ఆ చోట టెంపర్ పోతుంది. చూడ్డానికి పట్టీ బాగానే ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత గుంతల రోడ్డులో నలుగురు కూర్చున్నప్పుడు అక్కడే వంగుతుంది, లేదా విరుగుతుంది.

పైగా దగ్గర్లోనే బ్రేకు పైపులు, రబ్బరు బుష్‌లు, వెనకే పెట్రోల్ ట్యాంకు. ఇంకొకటి, దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకండి: బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట పెట్టొద్దు. కొన్ని క్లీనర్లలో క్లోరిన్ ఉన్న ద్రావకాలు ఉంటాయి, అవి కాలితే ఫాస్జీన్ అనే విష వాయువు వస్తుంది.

గోదారి_గట్టు:
నూనెని తీసిపారేయకండి, పద్ధతిగా వాడితే పనిచేస్తుంది. చాలామంది తుప్పు మీదే పోసి, పావుగంట ఆగి, పైపు తగిలించి లాగేస్తారు. ముందు నట్టు కింద బయటికి కనిపించే మరలని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దాలి. నట్టు బయటికి రావాల్సింది ఆ దారినే. పొద్దున, సాయంత్రం నూనె పోసి సుత్తితో నట్టు పక్కల మీద తట్టాలి, ఆ అదురుకి నూనె లోపలికి దిగుతుంది. తర్వాత ముందు కొంచెం బిగించే వైపుకి కదపండి, ఆపైన విప్పండి. ఒకేసారి లాగకుండా ముందుకీ వెనక్కీ ఆడించండి.

డబ్ల్యూడీ-40 స్ప్రే ముఖ్యంగా తేమని తరిమేది. బాగా పట్టేసిన మరలకి పెనిట్రేటింగ్ ఆయిల్ (సందుల్లోకి పాకే నూనె) అని విడిగా దొరికేదే తీసుకోండి. కొందరు ఆటోమేటిక్ గేర్ల బండ్లలో పోసే ఫ్లూయిడ్‌లో (ఏటీఎఫ్) అసిటోన్ కలుపుతారు. ఆ రెండూ నిలవ ఉంటే విడిపోతాయి, వాడే ముందు బాగా కుదపాలి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, అది వాడితే ఆ తర్వాత గ్యాస్ మాట ఎత్తొద్దు.

పానా సంగతి కూడా చూసుకోండి. అంబాసిడర్ పుట్టింది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి, నట్లు చాలావరకు ఇంచుల సైజులు. 9/16 ఇంచుల నట్టుకి 14 ఎంఎం పానా పట్టదు, 15 ఎంఎం వదులు. ఆ వదులు పానాతోనే మూలలు గుండ్రమైపోతాయి. ఆరు మూలల సాకెట్ వేయండి.

కమాన్_స్టీల్:
ఈ పద్ధతంతా సరే, కానీ యూ బోల్టులని కాపాడాల్సిన అవసరం ఏముంది? ఒకసారి గట్టిగా బిగించిన యూ బోల్టు సాగి ఉంటుంది, విప్పాక మళ్లీ వాడకూడదు. ఎలాగూ కొత్తవి వేస్తాం. కాపాడాల్సింది కమాన్ కట్ట, యాక్సిల్ హౌసింగ్ (యాక్సిల్ మీది ఇనుప తొడుగు). అలాంటప్పుడు గ్రైండర్‌తో నట్టుని ఒక పక్క నిలువునా కోసి, ఉలితో చీల్చడమే న్యాయం. వేడి పట్టీదాకా వెళ్లదు. నట్ స్ప్లిట్టర్ (నట్టుని నొక్కి చీల్చే పనిముట్టు) పట్టేంత చోటుంటే నిప్పురవ్వల గొడవ కూడా ఉండదు.

ఆటోనగర్_మేస్త్రి:
యూ బోల్టుల వరకు ఒప్పుకుంటాను, కోసెయ్యండి. కానీ గ్యాస్ ఎప్పుడూ తప్పే అంటే ఒప్పుకోను. హౌసింగ్‌లోకి దిగిన స్టడ్లు (తల లేని బోల్టులు) ఉంటాయి కదా, డిఫరెన్షియల్‌ని, అంటే వెనక చక్రాలని తిప్పే గేర్ల భాగాన్ని పట్టుకునేవి. అవి మధ్యలో విరిగితే డ్రిల్ వేసి మరలు మళ్లీ తీయాలి, ఆ ఖర్చూ బాధా వేరు. అక్కడ నట్టుని మితంగా, రంగు మారకుండా వేడి చేసి, మరల మొదట్లో మైనం ఆనిస్తే కరిగి లోపలికి లాగేసుకుంటుంది. దానికి సరిపడే మందు నా అనుభవంలో ఇంకోటి లేదు.

కమాన్_స్టీల్:
అది పూర్తిగా ఒప్పుకుంటాను. డిఫరెన్షియల్‌లోని ఆయిల్ మొత్తం దించాకే చేయాలి, అంతే.

వైజాగ్_అంబీ:
అందరికీ ధన్యవాదాలు. కోయించేస్తాను. కోసేటప్పుడు, కొత్తవి బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

గోదారి_గట్టు:
బండి బరువు ఛాసిస్ కింద స్టాండ్ల మీద ఉండాలి, యాక్సిల్ కింద విడిగా జాకీ ఉండాలి. ఒక్క జాకీ నమ్ముకుని కిందకి దూరొద్దు. కోసినప్పుడు బోల్టు ఎగిరే అవకాశం ఉంది కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. ట్యాంకు వైపు తడి గోనె కప్పి, నిప్పు ఆర్పే సిలిండరు పక్కనే పెట్టుకోండి.

కొత్త యూ బోల్టుల నాలుగు నట్లనీ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తూ రావాలి. కమాన్ చివర్ల రబ్బరు బుష్ బోల్టులని మాత్రం బండి నేల మీదకి దింపి, చక్రాల మీద బరువు పడ్డాకే ఆఖరి బిగింపు బిగించండి, లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుంది. 500 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులని ఇంకోసారి చూసి బిగించి, అప్పుడు బయటికి మిగిలిన మరలకి గ్రీజు పూయండి. మీ ఉప్పు గాలికి ఏడాదికోసారి పూస్తే మంచిది.