అప్‌డేట్: హామ్లెట్ 1676 ప్రతిలో ఆ కొటేషన్ గుర్తుల సంగతి తేలింది

లండన్‌లో 1676లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్ స్కాన్‌లో, ఎవరి మాటా ఉటంకించని చోట కూడా చాలా పంక్తుల ముందు కొటేషన్ గుర్తులు ఎందుకున్నాయని అడిగాను కదా. జవాబు ఆ పుస్తకం మొదట్లోనే ఉంది! నేనే ముందుమాట దాటేసి నేరుగా నాటకంలోకి వెళ్లాను.

నాటకం పూర్తిగా ఆడటానికి మరీ పెద్దది కాబట్టి కథకీ అర్థానికీ పెద్దగా నష్టం లేని భాగాలు రంగస్థలం మీద వదిలేస్తున్నామని, రచయితకు అన్యాయం జరగకూడదని వాటిని ఈ గుర్తుతో ఇక్కడ అచ్చువేశామని అందులో రాశారు. అంటే గుర్తు ఉన్నవి ఆడనివి. డ్యూక్ ఆఫ్ యార్క్ థియేటర్‌లో బెటర్టన్ అనే నటుడు హామ్లెట్‌గా వేసిన రోజులవి. కొడుక్కి పొలోనియస్ చెప్పే బుద్ధులు కూడా కోతలో పోయాయి! అది చూసి నాకు నిజంగా బాధేసింది.

ఒక్క జాగ్రత్త. కొన్ని మాటలను ఏ గుర్తూ లేకుండానే మార్చేశారు. అందుకే 1604-05 నాటి క్వార్టో (చిన్న సైజు అచ్చు ప్రతి) పక్కన పెట్టుకుని పంక్తి పంక్తీ పోలుస్తున్నాను. మొదటి అంకం అయింది. ముందుమాట చూడమన్నవారికి చాలా థాంక్స్.