పాత ఇనుము అంగట్లో కొన్న సీసం పోసే అచ్చులు: ఏవి దేనివి, ఎలా శుభ్రం చేయాలి?

ప్రశ్న (కావలి నుంచి)

పాత ఇనుము అంగట్లో పటకారులాంటి పిడులున్న ఇనుప అచ్చులు రెండు కొన్నాను. రెండూ వలకు సీసం గుండ్లు పోసుకునేవేనని అంగడాయన చెప్పారు. ఒకదాని గుంటలు కోలగా ఉండి, వాటి నడుమగా సన్నటి కడ్డీ దూరేందుకు దారి ఉంది. రెండోదానిలో నున్నటి గుండ్రటి గుంట ఒక్కటే ఉంది. దాని పైన పక్కకు తిరిగే చిన్న పలక, పిడి మీద 12 అనే అంకె ఉన్నాయి. రెండూ తుప్పుపట్టాయి, గుంటల అంచుల్లో నల్లటి మడ్డి గట్టిపడింది. జువ్వలదిన్నెలో విసురు వలలు కట్టే మా నాన్నగారికి పనికొస్తాయని తెచ్చాను. ఇవి ఏమిటో ఎలా తేల్చుకోవాలి? గుంటలు చెడకుండా ఎలా శుభ్రం చేయాలి?

జవాబు (ఒంగోలు నుంచి)

మొదటిది వల అచ్చే. కడ్డీ పెట్టి సీసం పోసి, చల్లారాక కడ్డీని లాగేస్తే గుండు నడుమ తాడు దూరే బెజ్జం మిగులుతుంది. రెండోదానిలో పోసిన గుండుకు బెజ్జమూ ఉండదు, తాడుకు పట్టూ దొరకదు. పైనున్న పలక పోత తోకను, అంటే సీసం పోసిన రంధ్రంలో గట్టిపడి గుండుకు అంటుకుని మిగిలే ముక్కను, కత్తిరించడానికి పెట్టినది. కాబట్టి అది మందు కూరి పేల్చే పాత తుపాకుల గుళ్ళు పోసే అచ్చు అని నా అభిప్రాయం. ఆ అంకె కూడా అదే చెబుతున్నది. ఒక పౌను (సుమారు 454 గ్రాముల) సీసంతో సరిగ్గా 12 గుళ్ళు పోస్తే, ఒక్కో గుండు దాదాపు 37.8 గ్రాములు తూగి, సుమారు 18.5 మిల్లీమీటర్ల అడ్డుకొలత ఉంటుంది. తుపాకి గొట్టం లోపలి వెడల్పును చెప్పే 12 బోరు అనే లెక్క అక్కడి నుంచే వచ్చింది. వెర్నియర్‌తో (మిల్లీమీటరులో భాగాల వరకు కొలిచే సాధనం) గుంట మూతి కొలిచి చూడండి. శుభ్రం చేయడం తరువాతి సంగతి, ముందు పిడి మీది అక్షరాలన్నీ ఫొటో తీసుకోండి, ఎందుకంటే తుప్పు రుద్దేటప్పుడు మొదట చెరిగిపోయేవి అవే.

ప్రశ్న అడిగినవారు

కొలిచానండీ. 18 మిల్లీమీటర్లకు కొద్దిగా పైన ఉంది.

జవాబు (నెల్లూరు నుంచి)

అయితే దానితో ఏమీ పోయకండి. 1959 నాటి ఆయుధాల చట్టం మందుగుండుకు ఇచ్చిన నిర్వచనంలో దాన్ని తయారుచేసే సామగ్రి కూడా చేరింది. అచ్చు ఎంత పాతదైనా, దాన్ని ఇంట్లో ఉంచుకోవచ్చో లేదో ఒక వకీలును అడిగి, ఆయన సలహా ప్రకారం పోలీసు స్టేషన్‌లో తెలియజేయడం మంచిది. అంతవరకు దాన్ని తిరిగి అమ్మవద్దు.

జవాబు (కొత్తపట్నం నుంచి)

వల అచ్చు సంగతి నేను చెబుతాను. దాన్ని ఒక రాత్రంతా కిరసనాయిలులో నానబెట్టి, కొబ్బరి పీచుతోనో పాత పళ్ళ బ్రష్షుతోనో తుడిచి, గాళ్ళలోని మడ్డిని వెదురు పుల్లతో తీయండి. రెండు సగాలు ఒకదానికొకటి ఆనే లోపలి ముఖాల మీద గరుకు కాగితం గాని ఆకురాయి గాని పొరపాటున కూడా పెట్టకండి. అంచు వెంట్రుకవాసి అరిగినా అచ్చు మూసినప్పుడు సందు మిగిలి, సీసం అందులోంచి రేకులాగా బయటికి పాకుతుంది, ఆ రేకే తరువాత వల పోగులను కోస్తుంది. శుభ్రమయ్యాక అచ్చును మూసి దీపం ముందు పట్టుకుంటే, సందు ఉన్నచోట వెలుతురు గీతగా కనిపిస్తుంది.

ఆ నల్లటి మడ్డిలో సీసం ఉంటుంది కనుక పొడిగా గీకవద్దు, నోటితో ఊదవద్దు, తుడిచిన గుడ్డలను పిల్లలకు అందకుండా పారేయండి. తరువాత సబ్బునీళ్ళతో కడిగి, నిప్పు సెగన బాగా ఆరబెట్టాలి. జిడ్డు మిగిలితే గుండు ముడతలు పడుతుంది, అది పెద్ద నష్టం కాదు. తడి మిగిలితే మాత్రం 327 డిగ్రీలు దాటి కరిగిన సీసం తగలగానే నీరు ఆవిరై సీసాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. పోసే ముందు గుంటలకు కిరసనాయిలు బుడ్డి మసి పలుచగా పట్టిస్తే గుండు అంటుకోకుండా ఊడివస్తుంది. అచ్చు వేడెక్కేదాకా మొదటి గుండ్లు సరిగా రావు, వాటిని మళ్ళీ కరిగించుకోవచ్చు. ఇదంతా ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి వచ్చేటట్లు కూర్చుని చేయాలని, సీసం కరిగించిన గిన్నెను మళ్ళీ వంటింట్లోకి తేవద్దని నాన్నగారికి నా మాటగా చెప్పండి.