పాత పెట్రోల్ ట్రాక్టర్‌ను ఇథనాల్‌పై నడపాలంటే జెట్ ఎంత పెంచాలి?

ప్రశ్న:
నాలుగు సిలిండర్ల పాత పెట్రోల్ ట్రాక్టర్. కంప్రెషన్ సుమారు 5:1, అప్‌డ్రాఫ్ట్ (గాలి కింది నుంచి పైకి పోయే) కార్బురేటర్, మెయిన్ జెట్ (ఇంధనం వెళ్లే రంధ్రం) 1.20 మి.మీ. పంపు లేదు, ట్యాంకు నుంచి పెట్రోల్ దానంతటదే దిగుతుంది. దీన్ని 95 శాతం ఇథనాల్ మీద నడపాలి. జెట్ ఎంతకు పెంచాలి? కంప్రెషన్ పెంచడానికి హెడ్ చెక్కించక తప్పదా? ఇంకేం మార్చాలి?

జవాబు 1:
కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. కాబట్టి అంతే గాలికి ఇథనాల్ 1.6 రెట్లు వెళ్లాలి. అన్ని రెట్లు పెరగాల్సింది రంధ్రం వైశాల్యం, వ్యాసం కాదు. లెక్క ప్రకారం మీ 1.20 జెట్ 1.50కి రావాలి, ఇంధనంలో 5 శాతం నీరుంది కనుక 1.55 వరకూ పోవచ్చు. పాత జెట్ దాచిపెట్టి, వేరే జెట్‌ను 1.40తో మొదలుపెట్టి 0.05 చొప్పున పెంచండి. ప్రతిసారీ లోడు మీద చోక్ కొద్దిగా లాగి చూడండి: ఇంజిన్ బలం పుంజుకుంటే జెట్ ఇంకా చిన్నదే. ప్లగ్ రంగు నమ్మొద్దు, ఇథనాల్ మసి పట్టించదు. ఐడిల్ స్క్రూ ఎటు తిప్పినా ఇంజిన్ నిలకడగా తిరగకపోతే ఐడిల్ జెట్‌నూ ఇదే లెక్కన పెంచాలి.

చాలామంది మరిచిపోయేది ఫ్లోట్ సూది సీటు, అంటే కార్బురేటర్ గిన్నెలోకి ఇంధనం దిగే దారి. జెట్ ఎంత పెంచినా, గిన్నెలోకి ఇంధనం చాలినంత దిగకపోతే ఫుల్ లోడులో కాసేపటికి ఇంజిన్ చచ్చుబడుతుంది. గిన్నె కింది డ్రెయిన్ ప్లగ్ తీసి, కొలత పాత్రలో ఒక నిమిషం పట్టండి. పెట్రోల్ మీద గంటకు 8 లీటర్లు తాగే ఇంజిన్ ఇథనాల్ మీద 12 దాటుతుంది, అంటే నిమిషానికి 200 మి.లీ. ధార రెండింతలు, అంటే 400 మి.లీ. ఉండాలి.

జవాబు 2:
జెట్ కన్నా ముందు ఫ్లోట్ విప్పి చూడండి. పాత కార్బురేటర్లలో కార్క్ ఫ్లోట్‌కు లక్క పూత ఉంటుంది, అది ఆల్కహాల్‌లో కరుగుతుంది. కార్క్ ఇంధనం పీల్చి బరువెక్కి మునుగుతుంది, గిన్నె పొంగుతుంది, కరిగిన లక్క జెట్‌కు అడ్డం పడుతుంది. ఇత్తడి ఫ్లోట్ వేయండి. మామూలు రబ్బరు పైపు ఉబ్బుతుంది, విటాన్ పైపు కావాలి. జింక్ మిశ్రమంతో పోత పోసిన కార్బురేటర్ లోపల తెల్లటి పొడి పేరుకుంటుంది. పని ముగిశాక గిన్నె ఖాళీ చేయడం మంచిది. ట్యాంకులో ఏళ్లనాటి జిగురును ఇథనాల్ కడిగేస్తుంది, కాబట్టి మొదటి రెండు మూడు ట్యాంకులకు ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది. అది చూసి జెట్ పెంచకండి.

ప్రశ్న వేసినవారు:
చలిలో స్టార్ట్ కావడానికి 10 శాతం పెట్రోల్ కలిపితే చాలా?

జవాబు 3:
కొంత సాయపడుతుంది. కానీ నీటి శాతం పెరిగినా, బాగా చలిపెట్టినా పెట్రోల్ పైకి విడిపోతుంది. ఇథనాల్ ఆవిరి 13 డిగ్రీల లోపు మంట అందుకునేంత లేవదు. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కు చేతి ప్రైమర్ పంపు అమర్చి పెట్రోల్ రెండు పోట్లు కొట్టండి. రెండో ట్యాంకు పెట్టి కాక్ తిప్పే పాత కిరోసిన్ ట్రాక్టర్ల పద్ధతి ఇక్కడ పనికిరాదు: జెట్ పెరిగాక పెట్రోల్ మీద ప్లగ్‌లు తడిసిపోతాయి. జెట్ సూది బయటినుంచి బిగించుకునే రకమైతేనే అది కుదురుతుంది.

అసలు సమస్య వేడిదే. ఆవిరి కావడానికి ఇథనాల్‌కు మొత్తం మీద పెట్రోల్ కన్నా నాలుగు రెట్ల వేడి కావాలి. సైలెన్సర్ వేడి తగిలే మ్యానిఫోల్డ్ ఉంటే అలాగే ఉంచండి. కిరోసిన్ మోడల్‌ది అమరితే ఇంకా మేలు. 80–85 డిగ్రీల థర్మోస్టాట్ వేయండి. ఇంజిన్ చల్లగా తిరిగితే మండని ఇథనాల్, నీరు దిగి ఆయిల్ పాలలా తెల్లబడుతుంది. అలా కనబడితే వెంటనే మార్చాలి.

హెడ్ చెక్కించకపోయినా 5:1 మీద నడుస్తుంది, ఇంధనం ఎక్కువ తాగుతుందంతే. పెంచదలిస్తే 7:1 దగ్గర ఆగండి. ఆ కాలపు బేరింగులూ హెడ్ గ్యాస్కెట్టూ అంతకుమించి ఒత్తిడి కోసం చేసినవి కావు. కొన్ని మోడళ్లకు ఎత్తైన ప్రాంతాల కోసం చేసిన హై కంప్రెషన్ పిస్టన్లు ఉండేవి, దొరికితే హెడ్ ముట్టుకోనక్కర్లేదు.

టైమింగ్ (ప్లగ్ నిప్పు రాజేసే వేళ) 2 డిగ్రీల చొప్పున ముందుకు జరిపి చూడండి. ఇథనాల్ మీద నాకింగ్ (ఇంజిన్ కొట్టుకునే చప్పుడు) వినబడదు కాబట్టి చెవిని కాదు, లోడు లాగే బలాన్ని బట్టి తేల్చుకోవాలి. బలం తగ్గడం మొదలైతే 2 డిగ్రీలు వెనక్కి తెచ్చి బిగించేయండి.